పొడుగు పిల్లలకు ముందు ఎకో తీయించండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి క్రీడా శిబిరాలు మొదలయ్యాయి. వాలీబాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పొడుగాటి పిల్లల్ని ఏరుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

నాకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది. కీళ్లను, కంటిని, రక్తనాళాలను పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జన్యులోపం ఇది. సుమారు 5 వేల మందిలో ఒకరికి ఉంటుంది.

హైస్కూల్లో మా పీఈటీ సారు నన్ను చూడగానే వాలీబాల్ టీములో వేసేశారు. చేతులు చాపితే నా ఎత్తును మించిపోతాయి. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూస్తే గోరు అవతలి వైపు బయటికొస్తుంది. ఛాతీ మధ్యలో గుంట, ఏటా పెరిగే కళ్లజోడు పవర్. ఇవన్నీ ఒక్కచోట చేర్చి చూసినవాళ్లు లేరు. చివరికి ఒక కంటి డాక్టరమ్మ, కంట్లో లెన్స్ పక్కకు జారిందని గమనించి, టూడీ ఎకో (గుండె స్కానింగ్) రాశారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం సైకిల్ ట్యూబులా ఒకచోట ఉబ్బి ఉంది. అది చీలితే గంటల్లో ప్రాణం పోవచ్చు. నాన్న 38 ఏళ్లకే పొలంలో కుప్పకూలితే గుండెపోటు అనుకున్నాం. ఆయనా నాలాగే పొడుగు.

అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ జరుగుతుండగానే కుప్పకూలి చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే ఒలింపిక్ రజతం గెలిచిన మనిషి. మార్ఫాన్ అని పోస్టుమార్టంలోగానీ తెలియలేదు.

నాకు ఉబ్బిన భాగం తీసేసి గొట్టం, లోహపు కవాటం వేశారు. రాత్రిపూట దాని టిక్కుటిక్కు పక్కనున్నవాళ్లకూ వినిపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసేందుకు తరచూ ఐఎన్‌ఆర్ పరీక్ష. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తింటే మాత్ర పని తారుమారవుతుంది. మా ఇంట్లో తోటకూర కూడా లెక్కగానే వండుతారు. మా అమ్మాయికీ ఈ జబ్బు వచ్చింది. కానీ చిన్నప్పుడే తెలిసింది కాబట్టి ఏటా ఎకో, బీపీ మాత్రతో హాయిగా కాలేజీకి వెళ్తోంది. బరువులు ఎత్తదు, పరుగు పందేలకు పోదు, రోజూ నడుస్తుంది.

పొడుగున్న ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఇది ఉండదు, తల్లిదండ్రులు టెన్షన్ పడొద్దు. పొడుగుతోపాటు బారెడు చేతులు, ఛాతీ గుంట, మందపాటి కళ్లద్దాలు, ఇంట్లో చిన్న వయసు మరణం ఉంటే మాత్రం ఎకో తీయించాకే ఆట కోర్టులోకి దించాలి. ఈ మేరకు క్రీడాశాఖ శిబిరాలన్నిటికీ వెంటనే ఆదేశాలివ్వాలి. బడులు తెరిచాక, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఎత్తు, బరువుతోపాటు పిల్లల చేతుల పొడవు కూడా కొలవాలి.

— ఒక పాఠకుడు, ఏలూరు