చేతివాటం తెచ్చిన తంటా

పర్లాకిమిడి

ఒరేయ్ గుండూ,

నీ ఉత్తరానికి జవాబు రాయక నాలుగు నెలలైంది, నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, చెల్లికి ఉద్యోగం వచ్చింది, మహేంద్రతనయలో నీళ్లున్నాయి. అంతే. అసలు సంగతి వేరే, నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్న ఆగస్టు 29న గిడుగు వారి జయంతి చేశాం. మనం మాట్లాడే భాషలోనే రాయాలని ఇక్కడ కూర్చునే పోరాడి, 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయిన మనిషాయె. మైకు నాకిచ్చారు. నాకు మైకిస్తే ఏమవుతుందో నీకు తెలుసు, ఆ పదో తరగతి వీడ్కోలు సభ... సరే, వద్దులే.

మన కొమ్ము తాతగారికి సన్మానం. గేదె కొమ్ముని వేడి చేసి, మెత్తబడగానే వంచి కొంగని చేసేస్తారు చూడు, ఆయనే. పనంతా ఎడమచేత్తోనే. నేను ఊపులో "తాతగారి చేతివాటం గురించి ఈ ఊళ్లో తెలియనివాళ్లెవరు!" అనేశాను. సభంతా గప్‌చుప్. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, కిందటేడు వినాయక చవితి చందాలు ఆయన దగ్గరే ఉన్నాయి, లెక్క ఇంకా తేలలేదు!

నా తప్పేట్రా? మేస్త్రీ నీళ్లు పారడానికి నేలకి వాటం పెడతాడు, బస్తా ఎత్తేవాణ్ణి వాటంగా పట్టుకోమంటాం, వాటిలో ఏ దొంగతనమూ లేదు. అదే పేపర్లో ఆటల పేజీ చూడు, ఎవడో బ్యాటర్‌ది ఎడమచేతి వాటం. జిల్లా పేజీకి తిప్పితే గుమాస్తా చేతివాటం. ముందున్న 'ఎడమ' ఊడిపోతే ఆటగాడు కాస్తా దొంగైపోతాడన్నమాట. హస్తలాఘవానిదీ ఇదే బతుకు, గారడీవాడికి మెచ్చుకోలు, జేబుదొంగకి కేసు. పక్కన కూర్చున్న ఒడియా మాస్టారికి ఎందుకు నవ్వుతున్నారో చెప్పాల్సి వచ్చి, చెప్పలేక చచ్చాను. చివరికి ఆయనే "హాత సఫేయి" అని పగలబడి నవ్వాడు. వాళ్లకీ ఒకే మాటలో గారడీ, దొంగతనం రెండూ ఉన్నాయి!

తాతగారు లేచి మైకు అందుకున్నారు, ఎడమచేత్తోనే. "వాటం ఉంది బాబూ, వాటాయే ఎవడూ ఇవ్వలేదు" అన్నారు. చప్పట్లే చప్పట్లు. గండం గడిచిందనుకున్నాను.

తెల్లారి ఆరింటికి తలుపు చప్పుడు. ఆయనే, చంకలో చందాల పుస్తకం. సున్నిపిండి, అరటి పిలకలు, మైకు అద్దె, పైసాతో సహా రాసుంది, అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి. ఎడమచేత్తో పలక మీద రాస్తే బళ్లో వేళ్ల మీద కొట్టేవారట, అందుకే అన్నం కుడిచేత్తో తినడం అలవాటు చేసుకున్నారట, ఉలి మాత్రం ఆ చేతికి రాలేదట. "నువ్వు ఏ అర్థంలో అన్నావు నాయనా?" అని అడిగారు. నవ్వుతూ కాదురా. నాకు మాట పెగల్లేదు. రాత్రి ఇంట్లో ఆవిడ ఏమందో, దారిలో ఎవరేమన్నారో. కాళ్లకి దండం పెడితే జేబులోంచి కొమ్ము దువ్వెన తీసి ఇచ్చారు, "నీకిది ఎక్కువ రోజులు అక్కర్లేదులే" అని నా నెత్తి చూస్తూ. నువ్వు నవ్వకు, నీది ముందే ఖాళీ అయింది.

చందాల సంగతి కమిటీలో నేనే చదివి వినిపిస్తానన్నాను, ఆదివారం. అక్కడ కూడా నోరు జారితే... ఇదిగో, పాతపట్నం ఆటో హారన్ కొడుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. నీ సంగతులు రాయి, ఆ నీలం గొడుగు విషయం అస్సలు మర్చిపో