సీసీ రోడ్డు పడే ముందు చూసుకోవాల్సినవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. వీధిలో సీసీ రోడ్డు పడేలోపు మంచినీళ్ల పైపు, డ్రైనేజీ కనెక్షన్ రిపేర్లు ఉంటే ముందే చేయించుకోండి. తర్వాత తవ్వాలంటే కార్పొరేషన్‌కు రోడ్ కటింగ్ చార్జీలు కట్టి అనుమతి తీసుకోవాలి. పైగా ఆ అతుకు ఎప్పటికీ సరిగ్గా కుదరదు.

అన్నిటికంటే ముఖ్యం లెవెల్. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఆరంగుళాలు పోస్తే వాననీళ్లు నేరుగా మన గుమ్మాల్లోకే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు చూసిన విజయవాడ సింగ్‌నగర్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మార్కింగ్‌కు ఇంజినీరు వచ్చినప్పుడే మట్టం ఎంత పెడుతున్నారో, వాలు ఏ డ్రెయిన్ వైపో అడగండి. పోశాక అడిగి లాభం లేదు.

కాంక్రీట్ పోసిన మర్నాటికల్లా నాలుగున్నర మీటర్లకు మించని దూరంలో రోడ్డుకు అడ్డంగా జాయింట్లు (సన్నటి గాట్లు) కోయాలి. ఆలస్యమైతే స్లాబు తనకు నచ్చిన చోట పగులుతుంది. 14 రోజులపాటు మడులు కట్టి నీళ్లు నిలిపో, తడి గోనెలు కప్పో క్యూరింగ్ చేయాలి, అంటే కాంక్రీట్‌ను తడి ఆరకుండా ఉంచాలి. రోజుకోసారి పైపుతో చల్లి వెళ్లిపోతే చాలదు, మన ఎండకు గంటలో ఆరిపోతుంది. అప్పటిదాకా కార్లు, ఆటోలు ఎక్కించకండి.

తేడా కనిపిస్తే తేదీతో ఫొటోలు తీసి వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) కొలతలు ఎక్కి కాంట్రాక్టర్ బిల్లు పాసయ్యేలోపే ఇవ్వాలి.