స్టార్ ట్రెక్ వసూళ్ల గురించి మా అమ్మాయికి

చి. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమంగా ఉన్నాము. నీ ఉత్తరంలో ఇంటి సంగతులు అరపేజీలో ముగించి, మిగిలినదంతా స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష కథల సినిమాల గురించే రాశావు. మీ అమ్మ ఆ భాగం వదిలేసి చదువుకుంది కానీ, నేను పెన్సిలు పట్టుకుని చదివాను. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు రాసి బతికినవాడి ముందు వసూళ్ల అంకెలు పెట్టి, ఇవి చాలినట్టా చాలనట్టా అని అడిగితే ఊరుకోవడం వాడి వల్ల కాదు.

నీ బాధ నాకు అర్థమైనంతవరకు ఇది. 2016లో వచ్చిన 'స్టార్ ట్రెక్ బియాండ్' నీకు బాగా నచ్చింది, ప్రపంచమంతా కలిపి సుమారు 34.3 కోట్ల డాలర్లు వసూలు చేసింది, అయినా ఆ నటీనటులతో నాలుగో సినిమా రాలేదు. 2009లో ఇదే కథను కొత్త నటులతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, అది మరీ పెద్ద హిట్టయితే స్టార్ ట్రెక్ ఇక స్టార్ ట్రెక్‌లా మిగలదేమోనని హాస్టల్ నుంచి ఫోన్ చేసి వాపోయినదీ నువ్వే. అప్పుడు ఆడుతుందేమోనని భయం, ఇప్పుడు ఆడలేదని భయం. ఈ రెండింటికీ పొంతన లేదని నీ స్నేహితులు ఆటపట్టిస్తున్నారని రాశావు. నాకు మాత్రం ఆ రెండూ ఒకే భయంగా కనిపిస్తున్నాయి, అందులో న్యాయం కూడా ఉంది. కాకపోతే నువ్వు వసూళ్లు చూసి భయపడుతున్నావు. నీ చోట నేనుంటే ఖర్చు చూసి భయపడతాను.

మా ఆఫీసుకు ప్రతి ఊరి నుంచీ డీసీఆర్‌లు, అంటే ఆ రోజు వసూళ్ల పట్టీలు, వస్తూ ఉండేవి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తరగతులవారీగా ఏ ఆటకు ఎన్ని టిక్కెట్లు తెగాయో, ఏ నంబరుతో మొదలై ఏ నంబరుతో ఆగాయో అందులో రాసి, కింద మా రిప్రజెంటేటివ్ సంతకం పెట్టేవాడు. ఆ మొత్తం గ్రాస్. అందులోంచి వినోదపు పన్ను తీసేస్తే నెట్, నెట్‌లోంచి థియేటర్ అద్దె పోగా మిగిలేది షేర్. పోస్టరు మీదకు ఎక్కేది గ్రాస్, మా యజమాని కళ్లద్దాలు సర్దుకుని చూసేది షేర్. ఆ షేరును కూడా ఆయన ఒంటరిగా చూసేవారు కాదు, ఆ సినిమాను ఏ రేటుకు కొన్నామో పక్కన రాయించుకుని చూసేవారు. ఊరంతా ఆడిందని చెప్పుకున్న సినిమాను ఎక్కువ రేటుకు కొని అప్పులపాలైనవాళ్లనూ, మామూలుగా ఆడిన సినిమాను తక్కువకు కొని ఇల్లు కట్టుకున్నవాళ్లనూ ఆ వీధిలో నేను చూశాను.

హాలీవుడ్‌లోనూ లెక్క ఇదే, పేర్లే వేరు. అమెరికాలో టిక్కెట్టు డబ్బులో సుమారు సగం స్టూడియోకు చేరుతుంది, మిగతా దేశాలలో అంతకంటే తక్కువ, చైనాలో దాదాపు పావు వంతు. 'బియాండ్' అమెరికా, కెనడాలలో సుమారు 15.9 కోట్ల డాలర్లు, చైనాలో 6.5 కోట్లు, మిగిలిన ప్రపంచంలో 11.9 కోట్ల దాకా తెచ్చింది. మొదటిదానిలో సగం, రెండోదానిలో పావు, మూడోదానిలో నూటికి నలభై చొప్పున వేసుకుని చూడు, పద్నాలుగున్నర కోట్ల లోపే ఆగుతుంది. సినిమా తీయడానికి అయిన ఖర్చు 18.5 కోట్లు, పబ్లిసిటీ ఖర్చు ఇంకా అందులో కలపలేదు. ఆ తర్వాత టీవీ హక్కులు, డిస్కుల మీద ఎంతో కొంత వస్తుందనుకో. అయినా నా అంచనా ప్రకారం థియేటర్ల వరకు అది నష్టం తెచ్చిన సినిమాయే. అదే సినిమాను ఎనిమిది కోట్లలో తీసి ఉంటే ఈపాటికి నువ్వు ఆరో భాగం గురించి నాతో వాదిస్తూ ఉండేదానివి.

మరి అంత ఖర్చు ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నకు జవాబు 'బియాండ్' కథా రచయితలలో ఒకడూ, అందులో ఓడ ఇంజనీరు స్కాటీ పాత్రధారీ అయిన సైమన్ పెగ్ 2015లోనే ఒక పత్రికతో మాట్లాడుతూ చెప్పేశాడు. అంతకుముందు రాసిన స్క్రిప్టు మరీ స్టార్ ట్రెక్ వాసన వేస్తోందని స్టూడియోవారు అనుకున్నారట. అవెంజర్స్ సినిమా 150 కోట్ల డాలర్లు తెచ్చింది, మన రెండో సినిమా దాదాపు 50 కోట్ల దగ్గర ఆగింది, అంటే 100 కోట్ల డాలర్ల జనం మన సినిమాకు రావడం లేదన్నమాట, ఇదీ స్టూడియో లెక్క అని ఆయన వివరించాడు. ఇది చదివినప్పుడు నాకు ఎంత చిరాకు కలిగిందో చెప్పలేను. అమ్ముడుపోయిన టిక్కెట్లు లెక్కపెట్టడం నేనెరిగిన పని. ఎన్నడూ అమ్మని టిక్కెట్లను నష్టంగా రాయడం ఏ పద్దు పుస్తకంలోనూ చూడలేదు. నువ్వు 2009లో ఫోన్ చేసి చెప్పిన భయం సరిగ్గా ఇదే. సినిమా ఆడిన కొద్దీ దాని మీద పెట్టే డబ్బు పెరుగుతుంది, డబ్బు పెరిగిన కొద్దీ ఇంకా ఎక్కువమందిని రప్పించాలి, అంతమందిని రప్పించడానికి ఆగి ఆలోచించే సన్నివేశాలు తగ్గించి పేలుళ్లు పెంచుతారు. 2009 సినిమాకు 15 కోట్ల డాలర్లు అయ్యాయి, 38.5 కోట్లు వచ్చాయి. 2013లో 'ఇంటు డార్క్‌నెస్'కు ఖర్చు 18.5 కోట్లు దాటింది. విదేశాల వాటా మొదటిదానికి సుమారు 12.8 కోట్లుంటే రెండోదానికి 23.8 కోట్లకు పెరిగింది, అమెరికా వాటా మాత్రం 25.7 నుంచి 22.9కి తగ్గింది. ఈ మొత్తం వరుసలో ఎక్కువ వసూలు చేసినది ఆ రెండో సినిమాయే, 46.7 కోట్లు. అదే ఏడు ఆగస్టులో లాస్ వేగస్‌లో కూడిన అభిమానులు స్టార్ ట్రెక్ సినిమాలన్నిటికీ వరుసలు కడుతూ దానిని అట్టడుగున పెట్టారు. ఆ తీర్పు కొంచెం కఠినమే అనిపించింది నాకు, ఎందుకంటే దానికంటే విసుగు పుట్టించినవి ఆ వరుసలో ఉన్నాయి. అయినా మనసు విరిగిన అభిమాని తూకం వేసి మాట్లాడడు కదా.

2009 సినిమా విషయంలో మాత్రం నేను దాని దర్శకుడు జె.జె. అబ్రమ్స్ పక్షమే. పాత కథను చెరిపేయకుండా కాలం రెండు పాయలుగా చీలినట్టు చూపించి, పాత పాయ నుంచి వచ్చిన స్పాక్ పాత్రలో, మొదటి ధారావాహికలోనూ ఆ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్‌నే నిలబెట్టారు. ఇంటి పెద్దను పీట మీద కూర్చోబెట్టి కొత్త కాపురం మొదలుపెట్టినట్టుంది ఆ పని. అందులో స్పాక్ సొంత గ్రహమైన వల్కన్‌ను నాశనం చేశారని నువ్వు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కానీ ఆ కథ మళ్లీ మొదలుపెట్టక తప్పని స్థితి అప్పటికే వచ్చింది. 2002లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమా 'నెమెసిస్' 6 కోట్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 6.7 కోట్లు తెచ్చింది, అది గ్రాస్ సుమా, షేర్ కాదు. 2005లో టీవీ ధారావాహిక 'ఎంటర్‌ప్రైజ్' కూడా ఆగిపోయింది. అంటే 2009 నాటికి నువ్వు కాపాడుకోవాలనుకున్నది అప్పటికే మూతపడిన దుకాణం.

ఇక స్టార్ ట్రెక్ పుట్టుక సంగతి. దూరదర్శన్ కాలంలో నేను మొదటిసారి చూసినప్పుడు అట్ట పెట్టెలతో కట్టినట్టున్న ఆ ఓడను చూసి నవ్వుకున్నాను. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఆ ధారావాహిక 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ చానల్లో మొదలైంది. రెండో ఏడు ముగియకముందే ఆపేస్తారన్న మాట పుట్టడంతో బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ కలిసి తోటి అభిమానులను కూడగట్టి ఉత్తరాలు రాయించారు. ఉత్తరాలు ఎంత వెల్లువగా వచ్చాయంటే, కార్యక్రమం కొనసాగుతుందని 1968లో ఎన్‌బీసీ తెర మీదే ప్రకటించవలసి వచ్చింది. ఆ తర్వాత దానిని శుక్రవారం రాత్రి పది గంటలకు, కుర్రకారు ఇంట్లో ఉండని వేళకు, నెట్టేసి బడ్జెట్ కోశారు, 1969లో ఆపేశారు. అభిమానులు ఓడిపోయినట్టే కనిపించింది కానీ, ఆ మూడో ఏడు కూడా నడవబట్టే 79 ఎపిసోడ్లు పోగయ్యాయి, వాటిని ఊరూరి టీవీ స్టేషన్లు కొని రోజుకొకటి చొప్పున తిప్పితిప్పి వేశాయి. అసలు అభిమానగణం తయారైంది ఆ పునఃప్రసారాలతోనే.

ఆ 79లో ఒకటి నువ్వే నాకు చూపించావు, 1967 నాటి 'ది డెవిల్ ఇన్ ది డార్క్'. గని కార్మికులను ఒక భూతం చంపుతూ ఉంటుంది. ఆ భూతమల్లా రబ్బరు తొడుగు కప్పుకుని నేల మీద పాకే ఒక మనిషి, గని గోడలు చూడగానే సెట్టని తెలిసిపోతాయి. స్పాక్ దాని మీద చేతులుంచి దాని మనసు చదివితే, కార్మికులు బంతుల్లాంటి రాళ్లనుకుని పగలగొట్టినవి దాని గుడ్లని, అది తన పిల్లలను కాచుకుంటున్న తల్లి అని బయటపడుతుంది. ఆ గది, ఆ తొడుగు, ఆ నటుడి ముఖం, ఇంతే పెట్టుబడి. 18.5 కోట్ల డాలర్లు పెట్టినవాడికి ఆ కథను అలా చెప్పే ధైర్యం రాదు. డబ్బు లేకపోతే మంచి కథ పుడుతుందని నా ఉద్దేశం కాదు, డబ్బు లేక చెత్తగా తేలిన ఎపిసోడ్లు ఆ మూడో ఏట బోలెడు ఉన్నాయి. కానీ తక్కువ పెట్టుబడి ఉన్నప్పుడు కొందరికి నచ్చకపోయినా ఫరవాలేదనే వీలు ఒకటి దొరుకుతుంది.

సినిమాలలోనూ ఇది ముందే రుజువైంది. 1979లో తీసిన మొదటి సినిమాకు సుమారు 4.4 కోట్ల డాలర్లు అయ్యాయి, ఆ రోజుల్లో అది కళ్లు తిరిగే మొత్తం. వసూళ్లు బాగానే వచ్చినా, ఈ సినిమాలు తీసే స్టూడియో పారామౌంట్‌వారికి ఖర్చు మంట పుట్టించింది. రెండోదానిని టీవీ విభాగానికి అప్పగించి, పాత సెట్లు, పాత సినిమాలోని కొన్ని ఓడ దృశ్యాలు మళ్లీ వాడుకుని, దాదాపు 1.2 కోట్లలో ముగించారు. స్పాక్ చనిపోతాడన్న సంగతి ముందే బయటికి పొక్కి అభిమానులు నానా గొడవా చేశారు. 1982లో విడుదలైన ఆ 'రాత్ ఆఫ్ ఖాన్' అమెరికాలోనే దాదాపు 7.9 కోట్లు తెచ్చింది, నేటికీ నీబోటివాళ్లు తలమీద పెట్టుకునేది దానినే. ఇంకో దగ్గరి లెక్క చెబుతాను. 'బియాండ్' వచ్చిన 2016లోనే 'అరైవల్' అనే సినిమాను అమెరికాలో విడుదల చేసినది ఇదే పారామౌంట్. పరగ్రహవాసుల భాష నేర్చుకునే ఒక ఆచార్యురాలి కథ, యుద్ధాలు లేవు, ఖర్చు 4.7 కోట్లు, వసూళ్లు సుమారు 20.3 కోట్లు, ఆస్కార్‌కు 8 విభాగాలలో నామినేషన్లు. ఆగి ఆలోచించే అంతరిక్ష కథకు జనం రారన్న మాట ఇక ఎవరంటారు?

నాలుగో సినిమా చర్చలు 2018లో నటుల పారితోషికాల దగ్గర చెడ్డాయని వార్తలు వచ్చాయి. అప్పుడూ నువ్వు వసూళ్లనే తిట్టుకున్నావు. నా కళ్లకు అక్కడ కనిపించింది మళ్లీ రేటే.

'బియాండ్' కలెక్షన్లు పెరగాలని ఆ రోజుల్లో ఇష్టం లేని స్నేహితులకు కూడా నువ్వు టిక్కెట్లు కొనిపెట్టావని ఇప్పుడు ఒప్పుకున్నావు. ఇక్కడ మన హీరోల అభిమానులు నూరు రోజుల పోస్టరు కోసం ఖాళీ హాలుకు టిక్కెట్లు కొన్న రోజులు నాకు తెలుసు, ఇప్పుడు వాళ్లే అమెరికా ప్రీమియర్ల డాలర్లు గంటగంటకూ లెక్కపెడుతున్నారు. డిస్ట్రిబ్యూటర్ మనిషిగా ఆ డబ్బు నాకు చేదు కాదు. కానీ నీ జేబులోంచి పోయిన ఆ నాలుగు టిక్కెట్ల వల్ల 18.5 కోట్ల బరువులో ఒక గ్రాము కూడా తగ్గదు. నాలుగో సినిమా తీయమని అర్జీ మీద సంతకం పెట్టాలా అని అడిగావు, తప్పకుండా పెట్టు. 1968లో ఉత్తరాలు రాసినవాళ్లు కార్యక్రమం కావాలన్నారు తప్ప, అది దేశంలోకెల్లా పెద్దదై ఉండాలనలేదు. నీ అర్జీలో కూడా వీలైతే ఒక వాక్యం చేర్చమను: ఈసారి ఆరేడు కోట్ల డాలర్లలో, ఒక్క ఓడలో, ఒక్క గ్రహం మీద జరిగే కథ అయినా మేము వచ్చి చూస్తామని. ఆ వాక్యం చదివి స్టూడియో లెక్కల గుమాస్తా ఎవరైనా తల ఎత్తి చూస్తాడని నా నమ్మకం.

ఇట్లు,
మీ నాన్న