మొదటి నాచ్

సికింద్రాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. బాబు బొమ్మ రైలు సంగతి చదివి మనసు చివుక్కుమంది. నాబ్ సగం దాకా తిప్పినా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా గెంతి మలుపులో పట్టాలు తప్పుతోందన్నావు. ఇంజిన్ మార్చేయనా అని అడిగావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఫొటో చూశాను, ఇంజిన్ బంగారంలా ఉంది. తేడా అంతా పట్టాలకి కరెంటిచ్చి వేగం మార్చే ఆ నాబ్ డబ్బాలో, నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ పాత కంట్రోలర్‌లోనే ఉంది. కాసేపటికే వెనకవైపు కాలిపోయేంత వేడెక్కుతోందని రాశావు చూడు, అక్కడే నాకు అర్థమైపోయింది.

మన చిన్నప్పుడు మీ ఇంట్లో ఫ్యానుకి నల్ల డబ్బా రెగ్యులేటర్ ఉండేది, గుర్తుందా? ఒకటి మీద పెడితే డబ్బా వెచ్చబడేది, ఫ్యాను మాత్రం తిరగనా వద్దా అన్నట్టుండేది. నీ కంట్రోలర్ కూడా ఆ జాతిదే. లోపల ఒక రెసిస్టెన్స్ తీగచుట్ట, దాని మీద జరిగే కాంటాక్ట్, అంతే. ఆగి ఉన్న మోటారు కదలాలంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటు ఆ తీగచుట్టలోంచే రావాలి కాబట్టి వోల్టేజీ చాలావరకు అక్కడే వేడిగా పోతుంది, మోటారుకి దక్కేది కాస్తే. నువ్వేమో ఇంకా తిప్పుతావు. ఎక్కడో ఒకచోట గేర్ల బిగువు వదిలి చక్రం కదులుతుంది. కదిలిందో లేదో మోటారు లాగే కరెంటు పడిపోతుంది, తీగచుట్టలో పోయేదీ తగ్గుతుంది, వోల్టేజీ అంతా వచ్చి మోటారు మీద పడుతుంది. అదీ గెంతు. బాబు చేతి తప్పేం లేదు, వాడికి చెప్పు.

దీనికి మందు ఎలక్ట్రానిక్ కంట్రోలర్. బురదలో దిగబడ్డ బండిని మనం ఎలా తోస్తాం? భుజం ఆనించి మెల్లగా నొక్కుతూ కూర్చోం కదా. ‘ఐలేసా’ అంటూ ఒక్కో ఊపుకి ఉన్న బలమంతా పెడతాం. ఇదీ అంతే. వోల్టేజీ తగ్గించదు, ఇచ్చినప్పుడల్లా పూర్తి 12 వోల్టులూ ఇస్తుంది, కాకపోతే తుంపులు తుంపులుగా. నెమ్మదిగా పోవాలంటే ఆ తుంపు పొట్టిగా ఉంటుంది, వేగం కావాలంటే పొడుగవుతుంది. ప్రతి తుంపులోనూ బిగువు వదిలించే బలం ఉంటుంది కాబట్టి చక్రం పాకుతూ మొదలవుతుంది.

నాది నేనే చేసుకున్నాను. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు తెచ్చాను: తుంపుల లెక్క చూసే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో, ఆ లెక్క ప్రకారం కరెంటు వదిలి ఆపే ఐఆర్ఎల్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్, మోటారు ఎదురు వోల్టేజీ నుంచి దాన్ని కాపాడే ఒక షాట్కీ డయోడ్, దిశ మార్చడానికి స్విచ్. ఆర్డుయినో మామూలుగా ఇచ్చే సెకనుకి 490 తుంపులకి మోటారు దోమలా గీపెట్టింది. దాన్ని 31 వేలకి పెంచితే చెవికి అందకుండా పోయింది. అయితే అంత వేగంలో ‘ఐలేసా’ ఊపు కొంత పలచబడుతుంది. అందుకని ఇంకో పని చేశాను, నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. కరెంటు ఆపిన క్షణంలో తిరుగుతున్న మోటారు డైనమో అయిపోతుంది, తన వేగాన్ని బట్టి తనే వోల్టేజీ పుట్టిస్తుంది. సెకనుకి యాభైసార్లు ఓ చిన్న విరామం ఇచ్చి ఆ వోల్టేజీని చదివిస్తున్నాను. ఎత్తు ఎక్కుతూ నీరసిస్తే కంట్రోలరే తుంపు పొడిగిస్తుంది, మలుపు దాటి పరిగెత్తబోతే కుదిస్తుంది. ఇంజిన్ నాడి పట్టుకుని నడుపుతున్నట్టే ఉంటుంది రా!

ఒక దెబ్బ కూడా తగిలింది, నీకు తగలకూడదని చెప్తున్నా. ఇంజిన్ పట్టాలు తప్పి అడ్డంగా పడింది, రెండు పట్టాలూ షార్టయ్యాయి, మాస్‌ఫెట్ కాలి గదంతా కంపు. మళ్ళీ టంకం పెట్టి కూర్చున్నాను. ఈసారి వరసలో ఒక పాలీఫ్యూజ్ వేశాను. షార్టయితే అదే అడ్డుకుంటుంది, చల్లారాక మళ్ళీ దారిస్తుంది. నీ దాంట్లో ముందే వేయించు.

డీసీసీ, అంటే డిజిటల్ పద్ధతిలో నడిపే కంట్రోలర్, కొనమని నీకెవరో చెప్పారట. అది మంచిదే, కాని దాని అవసరం వేరు. జర్మనీలోని లెంజ్ కంపెనీ వాళ్ల పద్ధతి మీద అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ దాన్ని ప్రమాణంగా తయారుచేసింది. పట్టాల్లోంచే అంకెలు పంపుతారు, ఇంజిన్‌లో ఉన్న డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరు వినబడితేనే ఇంజిన్‌ని కదుపుతుంది. ఒకే పట్టా మీద రెండు మూడు ఇంజిన్లు వేర్వేరుగా నడపాలంటే అదే కావాలి. బాబుకి ఉన్నది ఒక్క ఇంజిన్. ఇప్పుడు వద్దు. డీకోడర్ ఉన్న ఇంజిన్‌ని మాత్రం ఇలా చేత్తో చేసిన కంట్రోలర్ మీద పెట్టకు, ఆ తుంపులు చూసి డీకోడర్ తికమకపడుతుంది.

నాన్న సంగతి చెప్పాలి. కాజీపేటలో రైలు డ్రైవరుగా ఆఖరిసారి ఇంజిన్ దిగాక ఆయన రైళ్ల గురించి పెద్దగా మాట్లాడింది లేదు, నీకూ తెలుసు. నిన్న సాయంత్రం నా డీడీ51 నడుపుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. కాటో వాళ్లు చేసిన జపాన్ డీజిల్ ఇంజిన్, ఎర్రటిది, క్యాబ్ నడుమన ఉంటుంది. పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే (మీది 16.5). వెనక ఆరు బోగీలు కట్టాను. నాబ్ ఆయన చేతికిచ్చాను. రెండు వేళ్లతో పట్టుకుని వెంట్రుకవాసి తిప్పి ఆగారు. ఇంజిన్ ఒక స్లీపరు జరిగింది. కప్లింగు బిగుసుకుంది, మొదటి బోగీ కదిలింది. ఇంకో స్లీపరు, రెండో బోగీ. ఒకదాని తర్వాత ఒకటి, ఆరూ. ఆఖరిది కదిలేదాకా ఆయన వేలు కదపలేదు. “ఎనిమిది నాచ్‌లుంటాయి రా మా డబ్ల్యూడీఎమ్2కి. మొదటి దాంట్లో తొందరపడితే కప్లింగు తెగుద్ది” అన్నారు. డబ్ల్యూడీఎమ్2 అంటే ఆయన నడిపిన డీజిల్ ఇంజిన్, నాచ్ అంటే దాని శక్తి పెంచే చేతిపిడిలో ఒక్కో మెట్టు. ఆ తర్వాత గంటసేపు నాబ్ నాకివ్వలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. మల్టీమీటర్ వరసలో పెట్టి, 12 వోల్టులిచ్చి, చక్రాల్ని వేలితో ఒక్క క్షణం ఆపి కరెంటు ఎంత లాగుతోందో రాయి, ఎక్కువసేపు పట్టుకుంటే మోటారు వేడెక్కుతుంది. ఆ అంకెని బట్టి అడాప్టరూ పాలీఫ్యూజూ తెచ్చి పెడతాను. ఈలోపు పట్టాలూ చక్రాలూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, నల్లటి మడ్డి ఎంత వస్తుందో నువ్వే చూద్దువుగాని. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంజినూ బాబూ ఇద్దరూ రావాలి. వాడికి మొదటి నాచ్ తనే నేర్పుతానని నాన్న అప్పుడే చెప్పేశారు.

నీ
మావ