బండి మీది, ఆర్‌సీ ఎవరిది?

సంపాదకులకు,

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ఎక్కడ చూసినా పాత కారు కొనడం ఇప్పుడు ఒక పూట పని. బేరం తెగుతుంది, బాండు పేపరు మీద నాలుగు ముక్కలు రాసుకుంటారు, అమ్మినాయన ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి సీ-బుక్కుతో (ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ పత్రం) పాటు చేతికిస్తాడు, కొన్నాయన తాళాలు తీసుకుని పోతాడు. ఆర్‌టీఏ (రవాణా శాఖ) ఆఫీసు గడప ఎవరూ తొక్కరు. ఏడాది తిరిగేలోపు మళ్లీ అమ్మేదే కదా, ట్రాన్స్‌ఫర్ ఖర్చెందుకు అని లెక్క. మోటార్ ఇన్సూరెన్స్ క్లెయిములు మన వైపు చిక్కులో పడేది చాలావరకు ఈ లెక్క దగ్గరే. అందుకే ఈ ఉత్తరం.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అమ్మినవారు 14 రోజుల్లోపు ఫారం 29 ద్వారా ఆర్‌టీఏకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లోపు ఫారం 30తో తమ పేరుకు మార్చమని అడగాలి. బాండు పేపరు ఆ ఇద్దరి మధ్య రుజువు మాత్రమే. ఆర్‌సీలో పేరు మారనంత వరకు చట్టం దృష్టిలో ఓనరు పాతాయనే. బండి చేతులు మారుతూ పోయినా రిజిస్టర్‌లో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసిన కారు ఎవరినో గుద్దితే, దానికి ఇన్సూరెన్స్ లేకపోతే, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ సమన్లు వచ్చేది అమ్మినాయన ఇంటికి. చలాన్లూ అక్కడికే పోతాయి. ఫాస్టాగ్‌ను బ్యాంకుకు చెప్పి మూయించకపోతే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు పైసలు కూడా ఆయన ఖాతాలోంచే పోతాయి.

కొన్నాయన పరిస్థితి ఇంకా అన్యాయం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితో పాటే కొత్త ఓనరుకు బదిలీ అయినట్టు 157వ సెక్షన్ భావిస్తుంది, కాబట్టి ఎదుటివారికి నష్టపరిహారం దొరుకుతుంది. సొంత బండి డ్యామేజీకి ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చేసింది. కారణం సూటిగానే ఉంది. ఓన్ డ్యామేజీ పాలసీ కంపెనీకి, పాలసీలో పేరున్న మనిషికి మధ్య ఒప్పందం. బండి అమ్మేశాక ఆ మనిషికి నష్టం లేదు, నష్టపోయినాయనకు కంపెనీతో ఒప్పందం లేదు. ప్రమాదం జరిగాక పరుగెత్తి ట్రాన్స్‌ఫర్ చేయించినా చూసేది ప్రమాదం తేదీనే. ఓనర్-డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమాదీ ఇదే తీరు. అది రిజిస్టర్డ్ ఓనరు అయి ఉండి, పాలసీలో పేరుండి, చేతిలో చెల్లే లైసెన్సు ఉన్నవారికే. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా కుటుంబానికి దక్కదు.

అందుకని ఆర్‌సీతో పని సగమే అయినట్టు. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, కొత్త ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు) నింపి, పాలసీని తన పేరున మార్పించుకోవాలి. ఆర్‌సీ కార్డు రాలేదని ఆగిపోకుండా, ట్రాన్స్‌ఫర్‌కు పెట్టిన రసీదు, 29, 30 ఫారాల జిరాక్సులు, పాత పాలసీ జతచేసి అందినట్టు సంతకం తీసుకోండి. ఇక్కడే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు పేచీ వస్తుంది. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. ఓన్ డ్యామేజీ ప్రీమియం 8,000, అందులో 35 శాతం బోనస్ ఉందనుకుందాం. అంటే 2,800 తగ్గింపు. ఆ తగ్గింపు కొన్నవారికి చెల్లదు కాబట్టి, పాలసీలో ఆరు నెలలు మిగిలి ఉంటే వారు సుమారు 1,400, దాని మీద జీఎస్‌టీ కట్టాలి. ఇది జరిమానా కాదు, ఏజెంటు కొట్టేసింది కాదు. అమ్మినాయన మాత్రం కంపెనీ నుంచి బోనస్ లెటరు తీసుకుంటే మూడేళ్లలోపు కొనే ఇంకో కారుకు వాడుకోవచ్చు. చాలామంది అడగక ఉత్తపుణ్యానికి వదిలేస్తున్నారు.

ట్రాన్స్‌ఫర్ ఎందుకు ఆగుతుందంటే, ముందుగా ఫైనాన్స్. లోను ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, ఆర్‌సీలో బ్యాంకు పేరు అట్లాగే ఉంటుంది. అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, రెండు కాపీల ఫారం 35 ఉంటేనే హైపోతికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు) తీస్తారు. లోను తీరిన రోజే తీసుకోవాల్సిన కాగితాలివి. ఏళ్ల తర్వాత వెళ్తే ఆ ఫైనాన్స్ బ్రాంచే ఉండకపోవచ్చు. పాలసీలో నుంచి కూడా బ్యాంకు పేరు తీయించాలి, లేదంటే బండి పూర్తిగా పోయినప్పుడు క్లెయిమ్ చెక్కు బ్యాంకు ఎన్‌ఓసీ దగ్గర ఆగిపోతుంది. తర్వాతది పేర్లు. లైసెన్సులో ఇనిషియల్, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆడవాళ్లకైతే ఒకదాంట్లో తండ్రి పేరు ఇంకోదాంట్లో భర్త పేరు. స్లాట్ బుక్ చేసేముందే ఇవి సరిచేసుకోవాలి. అడ్రసు తప్పుంటే కార్డు పోస్టులో తిరిగి ఆఫీసుకే పోతుంది. చలాన్లు తీర్చే పని అమ్మేవారికి పైసలు ముట్టకముందే చేయించుకోవాలి, ముట్టాక ఎవరూ కట్టరు. తెలంగాణ రాకముందు నాటి ఏపీ 22, ఏపీ 24 నంబర్లు మార్చాలని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి, ఆ అవసరం లేదు.

కర్నూలు నుంచో రాయచూరు నుంచో చవకగా వచ్చిందని తెచ్చుకునే కార్లది వేరే కథ. అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ పని జరగదు, పైగా లైఫ్ ట్యాక్స్ మన రాష్ట్రంలో కట్టాలి. ఆ లెక్క కలుపుకుంటే చవక ఎంత మిగులుతుందో కొనకముందే చూసుకోవాలి.

చనిపోయిన తండ్రి పేరున ఉన్న కారును కొడుకులు నడుపుతూ పాలసీని అదే పేరున ఏటేటా రెన్యువల్ చేయించడం ఊరూరా ఉంది. ఆన్‌లైన్‌లో ప్రీమియం తీసుకుంటుంది కాబట్టి అంతా సక్రమమే అనుకుంటారు. ఓనరు చనిపోతే ఆ పాలసీ మూడు నెలల వరకు, లేదా గడువు తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆ మూడు నెలల్లోనే ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం పెట్టి ఆర్‌సీ మార్పించుకోవాలి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. పెద్దవాళ్ల పేరున బండ్లు ఉన్న ఇళ్లలో ఈ పని ఇప్పుడే చేసిపెట్టుకుంటే తర్వాత తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుడు తగ్గుతుంది.

లైసెన్సు సంగతి. బైకు లైసెన్సుతో కారు నడిపేవాళ్లకు పోలీసు ఆపితేనే భయం. అసలు భయపడాల్సింది నష్టం లెక్కగట్టడానికి వచ్చే బీమా సర్వేయరుకు. లైసెన్సులో ఎల్‌ఎంవీ (కారు వంటి తేలికపాటి బండ్ల అనుమతి) లేకపోతే ఓన్ డ్యామేజీ రాదు. ఎదుటివారికి కంపెనీ కట్టినా, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తీర్పిస్తాయి. గడువు విషయంలోనూ పాత లెక్కలే నడుస్తున్నాయి. 2019 సవరణ తర్వాత ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య తీసుకున్న, లేదా రెన్యువల్ చేసిన కారు లైసెన్సు పదేళ్లే. యాభై నుంచి యాభై ఐదు మధ్య అయితే అరవై ఏళ్లు నిండేదాకా, ఆ పైన ఐదేళ్లకోసారి. గడువు దాటాక ఉండే 30 రోజుల వెసులుబాటు ఎత్తేశారు. ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టుకు పోవాలి. ఆలస్యంగా చేయిస్తే చేసిన తేదీ నుంచే చెల్లుతుంది, మధ్యలో ఖాళీ ఖాళీయే. నలభై దాటినవారికి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. టాటా ఏస్ వంటి చిన్న ట్రాలీలు నడిపేవారికి ఒక ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. దీన్ని పట్టించుకోకుండా క్లెయిమ్ తిప్పిపంపితే ఊరుకోకండి.

సొంత వాడకానికి రిజిస్టరైన వైట్ ప్లేట్ కారును శ్రీశైలానికో యాదగిరిగుట్టకో కిరాయికి తిప్పితే, ఎన్ని కాగితాలు సరిగ్గా ఉన్నా ఓన్ డ్యామేజీ క్లెయిమ్ చిక్కులో పడ్డట్టే. ఇక కొత్త కార్లకు 2018 సెప్టెంబరు నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు, అందులో ఓన్ డ్యామేజీ సాధారణంగా ఒక్క ఏడాదే. "మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అని అమ్మేవారు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం. పాలసీ మీద రెండు తేదీలు వేర్వేరుగా ఉంటాయి, రెండూ చదవాలి.

క్లెయిమ్ నిరాకరించారని ఏజెంటు నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు. కారణం రాసిచ్చిన లెటరు అడగండి, కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఫిర్యాదు పెట్టండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఫోన్ నంబరు 155255.

పాత కార్ల వ్యాపారులు 2023 ఏప్రిల్ నుంచి ఆర్‌టీఏ నుంచి ఫారం 29బీ అధికారపత్రం తీసుకోవాలి. అట్లాంటి డీలరుకు బండి అప్పగించినట్టు 29సీ పంపితే ఆ తర్వాత బాధ్యత డీలరుది. అమ్మేవారికి ఇంతకంటే మంచి రక్షణ లేదు, అయినా ఆ కాగితం చూపించమని అడిగేవారు తక్కువ. జిల్లా రవాణా అధికారులు ఎవరెవరికి ఆ పత్రం ఉందో పేర్ల పట్టిక ఆఫీసు గోడ మీద అంటిస్తే చాలు, పెద్ద ఖర్చేం కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. క్లాసిఫైడ్స్‌లో కారు ప్రకటన తీసుకునేటప్పుడు మోడల్, కిలోమీటర్లతో పాటు ఆర్‌సీ ఎవరి పేరున ఉంది, ఫైనాన్స్ తీరిందా, ఓన్ డ్యామేజీ ఏ తేదీ వరకు ఉంది అన్న మూడు వివరాలు కూడా రాయించండి.

– మోటార్ బీమా తెలిసిన ఒక పాఠకుడు, నల్లగొండ