ట్రయల్ నాణేలకు అడ్వాన్స్ కట్టినవాళ్లకు

అన్నలకు, అక్కలకు నమస్కారం. బ్రిటిష్ కాలం ట్రయల్ నాణేల కోసం గాంధీ రోడ్డులోని మన కొట్లో అడ్వాన్స్ కట్టి, రోజూ ఫోన్ చేసి అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. సరుకు వచ్చింది. కానీ ముందు అనుకున్న పేరుతో, అనుకున్న ధరకు అమ్మను.

కొత్త నాణెం చలామణిలోకి తెచ్చే ముందు నమూనా ఎలా ఉందో చూసుకోవడానికి టంకశాలలో కొద్దిగా కొట్టి చూసేవాళ్లు. అవే ట్రయల్ నాణేలు. తక్కువ ఉంటాయి కాబట్టే అంత గిరాకీ. చిక్కు ఎక్కడంటే, బొంబాయి, కలకత్తా టంకశాలలు పాత అచ్చులు దాచిపెట్టుకుని, సేకరించేవాళ్లు అడిగితే వాటితోనే మళ్లీ కొట్టి ఇచ్చేవి. 1970 దాకా నడిచింది ఈ పని. అంటే విక్టోరియా బొమ్మతో 1862 అని ఉన్న పావు అణా మనకు స్వతంత్రం వచ్చాక పుట్టినదైనా కావచ్చు! దొంగ నాణెం అనలేం, కొట్టింది టంకశాలే కదా. దీన్ని రీస్ట్రైక్ అంటాం. అసలుదానికీ దీనికీ ధరలో మాత్రం పొంతన ఉండదు.

వచ్చిన వాటిని లెన్స్ కింద పెట్టి చూశా. రాణి చెంప మీద, మెడ దగ్గర సన్నటి బొడిపెలు. నాణెం తుప్పు పడితే దాని మీద గుంట పడుతుంది. అదే అచ్చు తుప్పు పడితే గుంట అచ్చులో ఉంటుంది, కొట్టినప్పుడు లోహం అందులోకి దిగి నాణెం మీద బొడిపెగా తేలుతుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న అచ్చుతో కొట్టారనడానికి అంతకన్నా ఏం కావాలి? పంపినాయన్ని అడిగితే, "ఎవరు చూస్తారు సామీ, డబ్బాలో పెట్టి ఇచ్చేయండి" అన్నాడు. మీరు చూస్తారు. చూడకపోయినా రేపు మీ పిల్లలు అమ్మబోయినప్పుడు ఇంకొకడు చూస్తాడు.

అందుకని ఇకపై బిల్లు మీద అసలు, రీస్ట్రైక్, తేలలేదు, ఈ మూడింటిలో ఒకటి నా చేత్తో రాసి సంతకం పెడతా. రాయని బిల్లు తీసుకోకండి.

తెలుగు జిల్లాలతో సంబంధమున్నవి కావాలనేవాళ్లు 1794, 1797 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణేలు చూడండి. రూపాయికి నలభై ఎనిమిది. ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించారు. వాడి అరిగినవి అందుబాటు ధరలోనే దొరుకుతాయి. ప్రూఫ్, అంటే అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా కొట్టిన నాణెం, అంటే మాత్రం తొందరపడొద్దు. సోహో మూతపడ్డాక అక్కడి అచ్చులు కొన్న టేలర్ అనే ఆయన లండన్‌లో చాలా నాణేలు మళ్లీ కొట్టాడు.

ఇంకో సంగతి. కొండకు వచ్చినవాళ్లు 1818 రామ దర్బార్ అణా పట్టుకుని కోట్లు వస్తాయని మా మెట్లెక్కుతున్నారు. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ కొట్టలేదు. అది గుడి టోకెన్, అంతే. అందులో మహిమ ఉంది, బియ్యపు గింజల్ని తనవైపు లాగుతుందని చెప్పినవాడు మీ డబ్బు లాగడానికి వచ్చినవాడు. కంపెనీ నాణెం మీద స్వామి బొమ్మే కావాలంటే మద్రాసు మూడు స్వాముల వరహా ఉంది, మధ్యలో మన వెంకన్న, అటూ ఇటూ అమ్మవార్లు. బంగారం కాబట్టి ధర నేను చెప్పక్కర్లేదు.

ఇంట్లో పాతవి ఉంటే చింతపండుతో తోమకుండా తెండి. పూజలో పెట్టిన పసుపు ఉన్నా పర్లేదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపమని మాత్రం అడగొద్దు. వందేళ్లు దాటిన నాణేన్ని అలా దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు.

అడ్వాన్స్ కట్టినవాళ్లు రీస్ట్రైక్ ధరకు తీసుకుంటామంటే సంతోషం, మిగతాది తిరిగిస్తా. వద్దంటే మొత్తం వాపస్. రసీదు పోయినా రండి, పుస్తకంలో మీ పేరుంది.