చెరువు గట్టు లైట్లు కిందికి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మా పట్టణంలో చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా మార్చినప్పుడు అందరిలాగే నేనూ సంతోషించాను. సాయంత్రం నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి మంచి చోటు దొరికింది. బాధల్లా లైట్లతోనే. గట్టు పొడవునా చెట్ల మొదళ్లలో పైకి వెలుగు కొట్టే లైట్లు పెట్టారు. అవి తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి.

తొలకరి వాన పడిన రాత్రి ఆ లైట్లలో ఒకదాని పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఉసిళ్లు, చిన్న చిన్న శలభాలు గుంపులుగా వచ్చాయి. ఒక శలభం సరిగ్గా లైటు మీదుగా ఎగురుతూ గాలిలోనే వెల్లకిలా తిరగబడి, టప్పున అద్దం మీద పడింది. కాళ్లు కొట్టుకుంటూ లేచింది, ఎగిరింది, మళ్లీ అలాగే పడింది. అలా ఐదుసార్లు. ఆ తర్వాత లేవలేదు. పొద్దున వచ్చి చూస్తే రాలిన రెక్కల కుప్ప కనిపించింది. ఉసిళ్లకు రెక్కలు రాలడం సహజమే. కానీ ఆ కుప్పలో శలభాలూ ఉన్నాయి, వాటిని చీమలు లాక్కెళ్తున్నాయి.

పురుగు దీపానికి ఆశపడి చస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. సైన్సు టీచర్‌గా నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చదివాక నా పాఠం తప్పని తెలిసింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ, ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పురుగులు ఎగిరే తీరును హైస్పీడ్ కెమెరాలతో తీశారు. పురుగులు నేరుగా దీపం మీదికి దూసుకెళ్లడం లేదు. దీపం ఎటు ఉంటే అటు వీపు తిప్పుతున్నాయి.

ఎందుకంటే పైన ఏది, కింద ఏది అన్నది వాటికి కన్నే చెప్పాలి. మలుపు తిరిగే బస్సులో కళ్లు మూసుకుని నిలబడితే మనకే ఎటు ఒరుగుతున్నామో అంతుపట్టదు. గాలిలో గిరగిరా తిరిగే పురుగుకు అది ఇంకా కష్టం. అందుకే వెలుగు ఎక్కువున్న వైపే ఆకాశం అన్న లెక్క దాని మెదడులో పడిపోయింది. అటు వీపు ఉండేలా రెక్కలు వాటంతట అవే సర్దుకుంటాయి. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట కూడా నేల కన్నా ఆకాశమే వెలుగు కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. మన దీపం వచ్చాక తప్పుతోంది. పక్కన దీపముంటే అటు వీపు వాల్చి, దాని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. కింద దీపముంటే తలకిందులై కూలుతుంది. అన్ని పురుగులూ ఇలా చేయవు. గన్నేరు మీద పెరిగే పెద్ద శలభం, పండ్ల మీద వాలే చిన్న ఈగ ఆ పరిశోధనలో తిరగబడలేదు. మా గట్టు మీద వాలేవాటిలో మాత్రం తిరగబడేవే ఎక్కువ కనిపించాయి.

అంటే లైటు ఉందా లేదా అన్నదొక్కటే కాదు, ఎటు చూస్తోందన్నదీ ముఖ్యమే. గట్టును చీకటి చేయమని నేను అడగడం లేదు. రాత్రి డ్యూటీ దిగి ఆ దారినే ఇంటికి వెళ్లే ఆడపిల్లలున్నారు, వాళ్లకు దారి కనిపించాలి. నడిచే దారికి కావలసిన వెలుగు పైనుంచి కిందికి పడితే చాలు. స్తంభాల లైట్లకు పైన, పక్కన వెలుగు పోకుండా రేకు మూతలు బిగించవచ్చు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖ వీధిదీపాలను ఎల్ఈడీలకు మార్చారు. ఇప్పుడు చాలా పట్టణాల్లో అవే ఉన్నాయి. తగిన ఏర్పాటు ఉంటే ఎల్ఈడీల వెలుగును అర్ధరాత్రి తర్వాత తగ్గించవచ్చు కూడా.

చెరువులో కప్పలు, పైన తిరిగే గబ్బిలాలు ఈ పురుగులను తినే బతుకుతున్నాయి. పురుగులు మా లైట్ల కింద రాలిపోతే వాటికి తిండి ఏది?

చెట్ల మొదళ్లలోని లైట్లతో ఎవరికీ దారి కనిపించదు, అవి అందం కోసం పెట్టినవే. మా మున్సిపాలిటీ వారు ముందు వాటిని తీసేయాలని, కనీసం వానాకాలం పూర్తయ్యే దాకా రాత్రి పది తర్వాత ఆర్పేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ సైన్సు టీచర్